రబ్బరు టైర్లకి ఎర్త్ ఎక్కడిది

కరెంటు గురించి నేను చెప్పినంత బాగా మా జూనియర్ కాలేజీలో ఇంకెవరూ చెప్పలేరని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇంకెవరూ చెప్పేవాళ్ళు లేరు కూడా. అద్దంకిలో ఆ ప్రైవేటు కాలేజీ మొత్తానికి ఫిజిక్సు లెక్చరర్ని నేనొక్కణ్ణే. నల్లబల్ల మీద బ్యాటరీ, స్విచ్చి, బల్బు గీసి, బాణం గుర్తులతో కరెంటుని చుట్టూ తిప్పి మళ్ళీ బ్యాటరీలోకి తీసుకొచ్చి వదిలేవాణ్ణి. నా బొమ్మల్లో బల్బు వెలగని రోజు లేదు. ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం పక్కింటి పొగాకు వ్యాపారి వచ్చి వేసేవాడు. ఆయన్ని పిలిచేది మా ఆవిడ. నేను ఆ సమయానికి ఏదో లావుపాటి పుస్తకంలో తల దూర్చి ఉండేవాణ్ణి.

అలాంటి నేను రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుంటూరు వెళ్ళి ఒక పాత మోటారు సైకిలు కొనుక్కొచ్చాను. కొత్తరకం బళ్ళు చాలావరకు బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే లేస్తాయట. నాది బ్యాటరీ మీదే ప్రాణం పెట్టుకున్న పాతకాలపుది. ఆ తేడా కొన్నాక తెలిసింది. బండితోపాటు స్పానర్ల సెట్టు కూడా కొన్నాను. ఖాకీ గుడ్డలో అరలు అరలుగా కుట్టి, చుట్టగా చుట్టి, తాడుతో కట్టిన మూట. దాన్ని సీటు కింద, బ్యాటరీ పక్కన ఉన్న సందులో దోపుకున్నాను. దారిలో ఎవరి బండైనా ఆగిపోయి కనబడితే నేనూ ఆగి, "స్పానర్లు ఉన్నాయి, కావాలా?" అని అడిగేవాణ్ణి. కావాలంటే మూట ఇచ్చి పక్కన నిలబడేవాణ్ణి. ఏ స్పానరు దేనికి పడుతుందో నాకు తెలియదన్న సంగతి వాళ్ళకి తెలియకుండా చూసుకోవడంతోనే నాకు చెమటలు పట్టేవి.

రెండు నెలలు గడిచాక బండికి ఒక జబ్బు పట్టుకుంది. నేనొక్కణ్ణే వెళితే లేడిలా పరిగెత్తేది. మా ఆవిడ వెనక కూర్చుంటే ఆగిపోయేది. మొదటిసారి బస్టాండు దాటగానే ఆగింది. ఆమె దిగింది, నేను కిక్కు కొట్టాను, లేచింది. ఆమె ఎక్కింది, నాలుగు బారలు పోయి మళ్ళీ ఆగింది. బస్టాండు ముందు రిక్షావాళ్ళు బేరాలు మానేసి మమ్మల్ని చూడటం మొదలుపెట్టారు. చివరికి ఆమె నడుస్తూ, నేను ఆమె పక్కనే బండి మీద నత్తనడకన పోతూ ఇల్లు చేరాం. ఆమె చేతిలో కూరగాయల సంచి కూడా ఉంది. అది నేను తీసుకోవచ్చునన్న ఆలోచన ఇంటి గుమ్మం దగ్గర వచ్చింది.

ఇలా మూడోసారి జరిగాక మా అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఒరేయ్, నీకు బాగానే నడుస్తందిగా. ఆ పిల్ల ఎక్కితేనే ఆగతందంటే ఏందో ఉందిరా. పెదకాకాని తీసకపోయి పూజ చేయించు."

గుంటూరు దగ్గర ఆ పెదకాకాని గుడికి కొత్త బండి కొన్నవాళ్ళు పూజకి వెళ్ళడం మా వైపు మామూలే. నేను సైన్సు మనిషిని కాబట్టి, ఇలాంటి మూఢనమ్మకాలు పెట్టుకోవద్దని అమ్మకి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఆదివారమే పెదకాకాని వెళ్ళాను. పూజారి బండికి బొట్లు పెట్టి, టైరు కింద నిమ్మకాయ పెట్టించి తొక్కించాడు. హ్యాండిలుకి నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కట్టాడు. మిరపకాయలు పండించే ఊరి నుంచి వెళ్ళి మిరపకాయలు కట్టించుకుని వచ్చాను. పోనూ రానూ అంతదూరం బండి ఎక్కడా ఆగలేదు. పూజ ఫలించిందని లోలోపల పొంగిపోయాను. ఒంటరిగా వెళ్ళాను కాబట్టి ఆగలేదన్న చిన్న లెక్క, రోజూ పిల్లలకి లెక్కలు చేయించే నాకు తట్టలేదు. మర్నాడు మా ఆవిడ ఎక్కింది. వీధి మలుపులోనే ఆగింది.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను. "మా ఆవిడ ఎక్కితే బండికి గుండె ఆగిపోతోందండీ" అని స్టాఫ్ రూములో ఒక జోకు వేశాను. అందరూ నవ్వారు. నా పాఠానికి ఎవరూ ఎప్పుడూ అంత బాగా స్పందించలేదు కాబట్టి ఆ జోకుని వారం రోజులు తిప్పి తిప్పి చెప్పాను. మా కామర్సు లెక్చరర్ భార్య దాన్ని భద్రంగా మోసుకొచ్చి మా ఆవిడకి అప్పగించింది.

మా ఆవిడ దాని గురించి ఏమీ అడగలేదు. అన్నం వడ్డిస్తూ ఒక మాట మాత్రం అంది. "నేను ఎక్కినప్పుడే ఆగుతోందంటే, ఎక్కినప్పుడు ఏదో కదులుతోందనే కదండీ. సీటు కింద ఏమన్నా నొక్కుకుంటోందేమో ఒకసారి చూడకూడదూ?"

నేను చూడలేదు. తెల్లకాగితం తీసుకుని బండి బొమ్మ గీశాను. మా ఇద్దరి బరువులూ వేసి, గరిమనాభి ఎక్కడ పడుతుందో గుర్తించి, బరువు వెనక్కి పోవడం వల్ల కార్బ్యురేటర్లో పెట్రోలు మట్టం ఎలా వాలుతుందో ఆమెకి వివరించాను. పొయ్యి మీద చారు పొంగిపోయేదాకా విని, "సరేనండి" అంది. మా ఇంట్లో "సరేనండి" అంటే పాఠం అయిపోయిందని అర్థం.

మా బజారు చివర ఒక సాయిబు గారికి బ్యాటరీల షెడ్డు ఉండేది. తాతల నాటి నుంచి ఊళ్ళోనే ఉన్న కుటుంబం. ట్రాక్టర్ల డైనమోలు, పొలాల మోటార్లు అన్నీ ఆయన చేతి మీదుగానే బతికేవి. వేరే దారి లేక ఆయన దగ్గరికి వెళ్ళి జబ్బు సంగతి చెప్పాను. ఆయన బండి వైపు చూడనైనా లేదు.

"మీరొక్కరే అయితే నడుస్తది, అమ్మగారు కూర్చుంటే ఆగుద్ది. ఎర్త్ పోతంది మాస్టారూ."

నాకు నవ్వొచ్చింది. బల్ల మీద టీ తాగుతున్న నలుగురికీ వినబడేలా పాఠం మొదలుపెట్టాను. "ఎర్త్ అంటే ఏమిటి సాయిబు గారూ? భూమి. ఇంట్లో మీటరు పెట్టినప్పుడు గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ పోసి పాతిపెడతారు చూడండి, దాన్ని ఎర్త్ అంటారు. ఈ బండి రెండు రబ్బరు టైర్ల మీద నిలబడింది. రబ్బరులోంచి కరెంటు పోదు. అసలు నేలతో సంబంధమే లేని బండికి ఎర్త్ ఉండేదెక్కడ, పోయేదెక్కడ?"

ఆయన ఓపిగ్గా విన్నాడు. "నేల సంగతి నాకు తెలవదండీ. మాకు బండి బాడీయే ఎర్త్. బ్యాటరీలోంచి బయల్దేరిన కరెంటు పనంతా చేసుకుని బాడీలోంచి మళ్ళీ బ్యాటరీకి రావాల. ఆ వచ్చే దారి ఎక్కడో తెగింది."

పదేళ్ళుగా నేను నల్లబల్ల మీద బాణాలు వేసి చెబుతున్నది సరిగ్గా అదే. సుద్దముక్క లేకుండా చెప్పేసరికి గుర్తుపట్టలేకపోయాను.

"రేపొకసారి అమ్మగారిని కూడా తీసుకురండి. ఇట్టా స్టాండు మీదే కూర్చోబెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో దొరుకుద్ది" అన్నాడాయన.

టీ తాగుతున్న నలుగురూ నా వైపు చూశారు. లెక్చరర్ గారి భార్య షెడ్డులో, నలుగురు మగాళ్ళ ముందు, స్టాండు వేసిన బండెక్కి కూర్చోవడమా? స్టాఫ్ రూములో ఆమె మీద జోకులు వేస్తే పోని పరువు అక్కడ పోతుందనిపించింది. "చూద్దాంలెండి" అని వచ్చేశాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మనిషిని. ఆ రోజు ఆ కుందేలుకి రెండే కాళ్ళన్నా వాదించేవాణ్ణి.

ఇంటికొస్తుంటే ఒక పెట్రోలు ట్యాంకరు లారీ కనబడింది. దాని కింద ఇనుప గొలుసు నేలని రాసుకుంటూ పోతోంది. నా బుర్రలో బల్బు వెలిగింది. అదీ ఎర్త్ అంటే! సాయిబు గారు చెప్పింది నిజమే, కానీ ఎందుకు నిజమో ఆయనకి తెలియదు, నాకు తెలుసు. తిన్నగా కొట్టుకెళ్ళి గేదెల్ని కట్టేసే గొలుసు ఒకటి కొని, బండి స్టాండుకి బిగించి, కొస నేలకి తగిలేలా వదిలాను.

దాంతో నేను ఏ బజార్లోంచి వెళ్ళినా ఘల్లుఘల్లుమని చప్పుడు. వీధి కుక్కలు వెంటపడేవి. "మాస్టారూ, గేదె తెంచుకుపోయిందా?" అని ఒకాయన రోజూ అడిగేవాడు. నేను పట్టించుకోలేదు. ఎందుకంటే మూడు వారాలు బండి ఎక్కడా ఆగలేదు. ఆ మూడు వారాలూ మా ఆవిడ బండెక్కలేదు.

ఎక్కకపోవడానికి కారణం ఆమె చదువుకుంటోంది. ప్రభుత్వ టీచరు ఉద్యోగాలకి డీఎస్సీ పరీక్ష పడింది. పెళ్ళికి ముందే బీఈడీ చేసింది. అంతకుముందు రెండుసార్లు రాసింది. రెండోసారి కొద్దిలో తప్పిపోయింది. మళ్ళీ ఎప్పుడు పడుతుందో తెలియదు, పడేనాటికి ఆమె వయసు దాటిపోతుంది. కాబట్టి ఇదే ఆఖరిది. వంటింటి తలుపు వెనక కాగితాలు అంటించుకుని, కూర కలుపుతూ వాటినే చూస్తూ ఉండేది. ఆ ఉద్యోగం ఆమెకి ఎంత కావాలో నాకు తెలుసు. నేను పాఠం చెబుతుంటే "సరేనండి" అని ఊరుకునే మనిషికి, తను చెబితే వినే నలభై మంది కావాలి.

పరీక్ష ఒంగోలులో. ముందురోజే బస్సులో వెళ్ళి స్నేహితురాలి ఇంట్లో ఉంటానంది. ఇంట్లో బండి పెట్టుకుని బస్సు దేనికన్నాను. పోనీ పొద్దున ఏడింటి బస్సుకి వెళతానంది. ఎనిమిదిన్నరకి బయల్దేరినా ముందే దింపుతానన్నాను. నాకు కావలసింది ఆమె ఉద్యోగం కాదు, నా గొలుసు గెలవడం. ఈ మాట అప్పుడు ఎవరైనా అంటే కొట్టేవాణ్ణి.

బయల్దేరాం. నాలుగైదు కిలోమీటర్లు హాయిగా పోయింది. "చూశావా?" అని తల వెనక్కి తిప్పి ఎర్తింగు గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఒక కల్వర్టు దగ్గర గతుకు వచ్చింది. బండి ఆగింది.

ఆమె దిగింది. కిక్కు కొడితే లేచింది. ఎక్కితే ఆగింది. మూడోసారికి ఆమె దిగినా లేవలేదు. రెండు పక్కలా మిరప చేలు. ఇటు చేలో ఆడవాళ్ళు కాయలు కోస్తున్నారు, అవతల కల్లంలో ఎర్రగా పరిచి ఉన్నాయి. గాలి అటు నుంచి వీచినప్పుడల్లా నాకు దగ్గు. దగ్గుతూ ప్లగ్గు విప్పాను. తుడిచాను, ఊదాను, బిగించాను. లేవలేదు. ఇంకేం చెయ్యాలో తోచక ఆ ప్లగ్గునే మళ్ళీ విప్పాను.

అప్పుడొచ్చింది ఒంగోలు బస్సు. ఆమె రోడ్డు మీదికి వెళ్ళి చెయ్యెత్తింది. బస్సు నెమ్మదించింది కూడా.

"ఆగు, అయిపోయింది, ఒక్క నిమిషం" అన్నాను.

ఆమె నన్ను చూసింది, బస్సుని చూసింది. చెయ్యి దించేసింది. అందులో నిలబడటానికి చోటుంది. నేను చూశాను.

చేలో పనిచేస్తున్న ముసలావిడ ఒకామె గట్టు దాకా వచ్చింది. "ఏమయ్యా, ఆ గొలుసు దేనికి?" అని అడిగింది. భూమిలోకి కరెంటు పోవడానికని చెప్పాను. ఆవిడ గొలుసుని ఎగాదిగా చూసింది. "మా గేదెకి కట్టినా పాలిచ్చుండేది" అని మళ్ళీ కోతకి వెళ్ళిపోయింది.

తొమ్మిదిన్నర కావస్తోంది. మా ఆవిడ హాల్ టికెట్టు ఉన్న సంచి నా చేతికిచ్చింది. పరీక్షకని ఇస్త్రీ చేసుకున్న చీర కొంగు నడుముకి దోపుకుంది. "లేవండి" అంది. సీటు ఎత్తి స్పానర్ల మూట బయటికి తీసింది. తీసి, దాని కిందికి వంగి చూసింది.

"తాళం తిప్పి, మీరు హారన్ నొక్కి పట్టుకోండి. వదలొద్దు."

నేను నొక్కాను. హారన్ మోగలేదు. ఆమె ఒక్కొక్క వైరునీ పట్టుకుని కదుపుతూ వచ్చింది. ఎర్ర వైరు కదిపింది, ఏమీ లేదు. బ్యాటరీ నుంచి వెళ్ళి బండి ఫ్రేముకి బోల్టుతో బిగించి ఉన్న నల్లవైరుని పట్టుకుని వంచింది. హారన్ కుయ్యిమంది. వదిలింది, ఆగింది. మళ్ళీ నొక్కింది, మోగింది.

"ఇదేనండి. మా పుట్టింట్లో రేడియో ఇట్లాగే చేసేది. వైరు పట్టుకుంటే పాడేది, వదిలితే ఆగేది."

పైన రబ్బరు తొడుగు బాగానే ఉంది, నొక్కుపడింది అంతే. ఆ నొక్కు సరిగ్గా నా స్పానర్ల మూట మందాన ఉంది. వెనక ఒక మనిషి కూర్చున్నప్పుడల్లా సీటు కిందికి దిగి, ఆ మూటని వైరు మీద అదిమి, ఫ్రేము అంచుకేసి నొక్కుతోంది. లోపల రాగిపోగులు ఒక్కొక్కటే తెగుతూ వచ్చాయి. బండి ఆగితే బాగుచేసుకోవడానికని నేను పెట్టుకున్న స్పానర్లే బండిని ఆపుతున్నాయి. సాయిబు గారు ఐదు నిమిషాలన్నాడు. ఆమె మూడు నిమిషాల్లో పట్టుకుంది.

పరీక్షలో పెన్సిల్ చెక్కుకోవడానికి తెచ్చుకున్న బ్లేడు తీసి తొడుగు చీల్చింది. తెగిన ముక్క కోసేసి, మిగిలిన పోగుల్ని మెరిసేదాకా గీకి, మెలిపెట్టి ఉంగరంలా వంచింది. "బోల్టుకి పట్టేది ఇవ్వండి" అని చెయ్యి చాపింది. మూడు స్పానర్లు తప్పు ఇచ్చాను. నాలుగోది పట్టింది. బోల్టు కింద తుప్పు కూడా బ్లేడుతోనే గీకి, వైరు ఉంగరాన్ని దాని కింద పెట్టి బిగించింది. కిక్కు కొట్టాను. మొదటి దెబ్బకే లేచింది. గొలుసు విప్పి గట్టు మీద పెట్టి, ముసలావిణ్ణి తీసుకోమన్నాను. మూట ఈసారి మా ఆవిడ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఒంగోలు దాకా నేను నోరు విప్పలేదు. నా జీవితంలో అంతసేపు ఊరుకోవడం అదే మొదలు.

పరీక్ష పదింటికి. మొదలై అరగంట దాటితే లోపలికి పంపరు. మేం గేటు ముందు ఆగేసరికి పది నలభై. లోపల అందరూ తలలు వంచుకుని రాస్తున్నారు. కిటికీల్లోంచి కనబడుతున్నారు. గేటు దగ్గర ఉద్యోగి ఆమె హాల్ టికెట్టు తీసుకున్నాడు. దాని మీద ఆమె బొటనవేలి నల్లటి గుర్తు పడింది.

"ఏమ్మా, చదువుకున్నదానివి, ఇంత లేటైతే ఎట్టా?"

బండి గురించి, బస్సు గురించి, తప్పంతా నాదని చెబుదామని నోరు తెరిచాను. ఆమె నాకంటే ముందు చెప్పింది.

"నేనే ఆలస్యంగా బయల్దేరానండి. ఈయన పొద్దున్నుంచీ తొందరపెడుతూనే ఉన్నారు."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. ఆడవాళ్ళతో మనకి తప్పదు కదా సార్ అన్నట్టు ఉంది ఆ చూపు. నేను కాదనలేదు. తల కూడా కొంచెం ఊపాను. అంత ఊపుతానని నేను కూడా అనుకోలేదు.

బతిమాలాం. నేను లెక్చరర్నని చెప్పుకున్నాను. ఆయన మంచివాడే, కానీ రూలు కాగితం చూపించాడు. ఆమె ఇంకేమీ అడక్కుండా హాల్ టికెట్టు మడిచి సంచిలో పెట్టుకుంది. పక్కనే కుళాయి ఉంటే వెళ్ళి చేతులు కడుక్కుంది. గోళ్ళలో మురికి పోలేదు. మళ్ళీ కడుక్కుంది. తర్వాత వచ్చి, "పదండి, అత్తయ్య అన్నానికి చూస్తూ ఉంటారు" అంది.

వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ వేసే చోటే, ఎప్పుడూ వేసేంత బరువుగానే. గతుకులు వచ్చాయి, కల్వర్టులు వచ్చాయి. ఆమె బిగించిన వైరు అలాగే ఉంది. బండి ఆగితే దిగుతాం, దిగితే ఎదురెదురుగా నిలబడతాం, అప్పుడైనా ఒక మాట అనగలనేమోనని ప్రతి గతుకు దగ్గరా ఎదురుచూశాను. అద్దంకి దాకా ఒక్కసారి కూడా ఆగలేదు.